టటిల్ క్రీక్‌లో రెండు రాత్రులు: ఏటి ఒడ్డు సంగతి తర్వాత, ముందు గాలి సంగతి చూడండి

ప్రశ్న: ఏప్రిల్ ఆఖరి వారంలో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి సియెర్రా కొండలకి తూర్పు వైపు, లోన్ పైన్ దగ్గరున్న టటిల్ క్రీక్ క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, పదేళ్ళ బాబు, ఆరేళ్ళ పాప. రెండు రాత్రులు ఉంటాం. టెంట్ వేయడం ఇదే మొదటిసారి. ఆరుగురికి సరిపోయే క్యాబిన్ టెంట్, గాలి పరుపు, రెండు బర్నర్ల స్టవ్ కొన్నాం. ఏటి ఒడ్డున సైట్ దొరకాలంటే ఎన్నింటికి చేరాలి? అక్కడ నీళ్ళుంటాయా? చలి ఎంత? మన వంట అక్కడ కుదురుతుందా?

సమాధానం:

ఏటి ఒడ్డు సైట్ కోసం పరుగెత్తకండి. దొరికితే సంతోషమే, దొరక్కపోయినా నష్టం లేదు. ఆ చోట ట్రిప్పులు పాడయ్యేది గాలి వల్ల, రాత్రి చలి వల్ల. మీరు కొన్న సామాన్లలో క్యాబిన్ టెంట్ గాలికి ఆగదు, గాలి పరుపు చలికి ఆగదు. అలాగని పారేయక్కర్లేదు, రెండింటికీ సర్దుబాట్లున్నాయి.

ముందు చోటు ఎలాంటిదో అర్థమైతే మిగతావన్నీ వాటంతటవే తెలుస్తాయి. లోన్ పైన్ ఊరు 3,700 అడుగుల ఎత్తులో ఉంది. ఊళ్ళో సిగ్నల్ దగ్గర విట్నీ పోర్టల్ రోడ్డు పట్టుకుని మూడు మైళ్ళ పైచిలుకు పడమరకి వెళ్ళాలి. ఎడమకి హార్స్‌షూ మెడోస్ రోడ్డులోకి తిరిగి ఇంకో మైలున్నర వెళ్తే కుడివైపు క్యాంప్‌గ్రౌండ్ దారి వస్తుంది. అక్కడ ఎత్తు 5,100 అడుగులు. ఎదురుగా గోడలా నిలబడ్డ కొండని చూసి అందరూ మౌంట్ విట్నీ అనుకుని ఫొటోలు దిగుతారు. అది లోన్ పైన్ పీక్, 12,949 అడుగులు. 14,505 అడుగుల విట్నీ వెనగ్గా ఉండటంతో దానికన్నా చిన్నదిగా కనిపిస్తుంది. పసిఫిక్ మీంచి వచ్చే మేఘాలు ఈ గోడకి అవతలే కురిసి ఖాళీ అయిపోతాయి. ఇవతల లోయకి ఏడాది మొత్తానికి ఐదారు అంగుళాల వాన దక్కుతుంది, అంతే. ఏట్లో పారేదంతా పైన కరిగిన మంచు. అందుకే ఏటి వెంట పది పదిహేనడుగుల పచ్చటి చార ఉంటుంది, అది దాటి అడుగేస్తే సేజ్‌బ్రష్ పొదలు, ఇసుక, బండలు. సైట్లు ఎక్కువ భాగం ఈ బండల వైపే. నీడ దాదాపు లేదనే అనుకోండి.

ఇక ఒడ్డు సైట్ ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. పొద్దు గూకాక కొండ మీది చల్లగాలి బరువెక్కి నీళ్ళలాగే పల్లానికి దిగుతుంది. దానికి దారి ఏటి గాడి. అందుకని ఒడ్డున, పక్కనున్న మిట్ట మీదికన్నా చలి బాగా తెలుస్తుంది, తెల్లారేసరికి టెంట్ లోపలి గుడ్డంతా చెమ్మ. పైగా విల్లో పొదలు, ముళ్ళ గులాబీ పొదలు ఒత్తుగా ఉన్న చోటే దోమలు, అప్పుడప్పుడూ పాములూ. ఏటికి యాభై నుంచి వంద అడుగుల దూరంలో, ఓ నాలుగడుగుల మిట్ట మీద, పడమటి వైపు పెద్ద బండో పొదల వరసో ఉన్న సైట్ చూసుకోండి. ఏటి చప్పుడు అక్కడికీ వినిపిస్తుంది. పిల్లలు టెంట్‌లోంచి నిద్రకళ్ళతో నేరుగా నీళ్ళలోకి నడిచే ప్రమాదమూ ఉండదు.

గాలి విషయంలో రెండు రకాలు వేరుగా చూడాలి. మొదటిది రోజూ ఉండేది: పగలు లోయ వేడెక్కి గాలి కొండకి ఎక్కుతుంది, చీకటి పడ్డాక కొండ మీంచి కిందికి దిగుతుంది. దీనితో పేచీ లేదు. రెండోది తుఫాను గాలి. పసిఫిక్ నుంచి వచ్చే వాతావరణం సియెర్రా శిఖరాలు దాటి ఇవతలి వాలు మీద ఒక్కసారిగా కిందికి విరుచుకుపడుతుంది. వాన చుక్క రాదు, ఆకాశం నీలంగానే ఉంటుంది, గాలి మాత్రం టెంట్‌ని పీకేస్తుంది. వసంతకాలంలోనే ఇది ఎక్కువ, అంటే మీరు వెళ్ళే రోజుల్లోనే. లోయ అడుగున ఓవెన్స్ సరస్సు ఉండేది. 1913లో లాస్ ఏంజెలెస్ కాలువ పూర్తయ్యాక ఏళ్ళ తరబడి దానికి చేరాల్సిన నీళ్ళు ఊరికి వెళ్ళిపోయి సరస్సు ఎండింది. ధూళి లేవకుండా అక్కడ చాలా పనులు చేశారు, ఇప్పటికీ చేస్తున్నారు, అయినా గట్టి గాలి రోజున తూర్పు దిక్కు తెల్లగా మసకబారితే అది మబ్బు కాదు, దుమ్ము.

కాబట్టి ఫోన్‌లో వచ్చే వాతావరణ యాప్ చూసి బయల్దేరకండి. అది లోన్ పైన్ ఊరి లెక్క చెబుతుంది. అమెరికా వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో పటం మీద సరిగ్గా క్యాంప్‌గ్రౌండ్ చోటునే నొక్కితే ఆ ఎత్తుకి లెక్కగట్టిన అంచనా వస్తుంది. లోన్ పైన్ ఉన్న ఇన్యో కౌంటీకి అంచనాలిచ్చేది లాస్ వేగస్ ఆఫీసు. గంటగంటకీ ఇచ్చే గ్రాఫ్‌లో మామూలు గాలి వేగం కాదు, విసురు (గస్ట్) వేగం చూడండి. విసురు గంటకి 25 మైళ్ళ లోపుంటే హాయిగా ఉంటారు. 35 దాకా అయితే తాళ్ళన్నీ కట్టిన టెంట్ నిలుస్తుంది గానీ ఆ మోతకి పిల్లలకి నిద్ర పట్టదు. 45 దాటుతుందంటే క్యాబిన్ టెంట్ వేయడమే దండగ. ఆ రాత్రికి కారులోనో ఊళ్ళో మోటెల్‌లోనో పడుకోండి. ఇది నామోషీ విషయం కాదు, విరిగిన టెంట్ గొట్టాలు అతకవు.

క్యాబిన్ టెంట్‌తో చిక్కేమిటంటే గోడలు నిటారుగా ఉంటాయి, ఎత్తు ఆరడుగులు, గాలికి తెరచాపలా నిలబడుతుంది. పైకప్పు సగం జాలీ కావడంతో సన్నటి ఇసుక లోపలికి జల్లెడ పట్టినట్టు రాలుతుంది. పైన వేసే రెయిన్‌ఫ్లై వాన లేకపోయినా వేయండి. టెంట్ ఇరుకు వైపు పడమరకి, తలుపు తూర్పుకి ఉండాలి. గాలి తలుపులోంచి దూరి టెంట్‌ని బుడగలా ఉబ్బించదు, పొద్దున్నే ఎండ కూడా నేరుగా లోపలికొస్తుంది.

టెంట్ పెట్టెలో ఇచ్చే సన్నటి వంకీ మేకులు ఇక్కడ పనికిరావు. పైన రెండు అంగుళాలు ముతక ఇసుక, కింద కొండ నుంచి దొర్లుకొచ్చిన రాళ్ళు. రెండు దెబ్బలకే మేకు వంగిపోతుంది. పది అంగుళాల ఉక్కు మేకులు, తలకి ప్లాస్టిక్ పట్టీ ఉన్నవి, ఓ పన్నెండు కొనండి. రెండు పౌండ్ల సుత్తి తీసుకెళ్ళండి, అక్కడి రాయితో కొడితే ఇటు వేలు, అటు మేకు రెండూ పోతాయి. మేకు తల టెంట్‌కి అవతలి వైపు కొంచెం వాలి ఉండాలి. మూడు అంగుళాలు దిగి ఆగిపోతే బలవంతంగా బాదకండి. బయటికి లాగి జానెడు పక్కన ప్రయత్నించండి. నాలుగు చోట్ల చూసినా దిగకపోతే అప్పుడు రాళ్ళు.

రాయికి తాడు కట్టడంలో ఓ పద్ధతుంది. చాలామంది పెద్ద బండ చుట్టూ తాడు కట్టేస్తారు. రాత్రంతా తాడు గరుకు రాయికి ఒరుసుకుని తెల్లవారేలోపు తెగుతుంది. అలా కాదు. కొబ్బరికాయంత, కాస్త పొడుగాటి రాయి ఒకటి తీసుకుని దాని నడుముకి తాడు కట్టి నేల మీద పెట్టండి. దానికీ టెంట్‌కీ మధ్య, సరిగ్గా తాడు మీద, మోయగలిగినంత పెద్ద రాయి పెట్టండి. గాలి లాగినప్పుడు చిన్న రాయి వచ్చి పెద్ద రాయికి తట్టుకుని ఆగిపోతుంది, కదలదు. తాడు బిగువు తగ్గితే చిన్న రాయిని వెనక్కి జరిపితే చాలు. తాడు నేలతో 45 డిగ్రీల కోణంలో దిగాలి. మరీ నిటారుగా దిగితే గాలికి మేకునీ రాయినీ పైకి లేపేస్తుంది. మూలలు నాలుగే కాదు, గోడల మధ్యన ఉండే తాళ్ళు కూడా కట్టాలి. టెంట్ పోయేది ఎక్కువగా ఆ మధ్య తాళ్ళు కట్టకే. రాళ్ళు ఎత్తేటప్పుడు అవతలి అంచు పట్టుకుని మీ వైపుకి దొర్లించండి. కింద తేలుంటే అటువైపుకే పోతుంది. వెళ్ళేటప్పుడు రాళ్ళు ఎక్కడివక్కడ పెట్టేయండి.

పగలు దగ్గర్లోని బండల గుట్టలు, అలబామా హిల్స్, చూడ్డానికో ఊళ్ళోకో వెళ్తే టెంట్ అలా నిలబెట్టి వెళ్ళకండి. గొట్టాలు దింపి గుడ్డని నేలకి పరిచి నాలుగు రాళ్ళు పెట్టండి, ఐదు నిమిషాల పని. ఎండకి వేసే పందిరి కూడా అంతే. మనిషి పక్కన లేకపోతే పందిరి మడిచి ఉండాల్సిందే, అది ఎగిరితే పక్క సైట్లో వాళ్ళ కారు మీద పడుతుంది.

చలి. ఏప్రిల్ చివర పగలు 70ల్లో ఉంటుంది, టీషర్టు చాలు. రాత్రికి 40 డిగ్రీల ఫారెన్‌హీట్ అటూ ఇటూ వస్తుంది, ఆకాశం నిర్మలంగా ఉండి గాలి ఆగిన రాత్రి గడ్డకట్టే దాకా కూడా దిగుతుంది. సెల్సియస్‌లో 0 నుంచి 5 అనుకోండి. కొత్తవాళ్ళని మోసం చేసేది సాయంత్రం. గడియారం ప్రకారం పొద్దు ఏడున్నరకి గూకాలి, కానీ పడమటి గోడ తొమ్మిది వేల అడుగులు పైకి లేచి ఉంది కదా, సూర్యుడు గంట ముందే కొండ చాటుకి పోతాడు. నీడ క్యాంప్‌గ్రౌండ్ మీదుగా పాకుతూ రావడం కళ్ళారా కనిపిస్తుంది. అది మిమ్మల్ని దాటిన ఇరవై నిమిషాల్లో స్వెటర్ కావాలి, గంటలో జాకెట్, టోపీ. ఆరింటికల్లా పడకలు పరిచి, వెచ్చటి బట్టలు చేతికందేలా పెట్టుకోండి. పిల్లలకి చలి తెలిశాక కాదు, నీడ పడగానే తొడగండి.

గాలి పరుపు సంగతి: అందులో గాలి తప్ప ఏమీ లేదు. ఆ గాలి నేల చలికి చల్లబడి, మీ ఒంటి వేడికి వేడెక్కుతూ రాత్రంతా లోపలే తిరుగుతుంది, మీ వేడిని నేలలోకి మోసుకుపోతుంది. ఎంత మందం దుప్పటి కప్పుకున్నా వీపు చల్లగానే ఉంటుంది. పరుపు మీద, అంటే మీకూ పరుపుకీ మధ్య, అకార్డియన్‌లా మడిచే ఫోమ్ ప్యాడ్ వేయండి. నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె ఆర్ వాల్యూ, అది 2 ఉన్నవి చవగ్గా దొరుకుతాయి. కొత్తగా కొనేటట్టయితే ఆర్ వాల్యూ 4 ఉన్న ప్యాడ్లే కొనండి. ప్యాడ్ మీద ప్యాడ్ వేస్తే ఆ అంకెలు కలుస్తాయి. ఇంకో మాట, సాయంత్రం గట్టిగా ఊదిన పరుపు అర్ధరాత్రికి మెత్తబడితే చిల్లు పడిందని కంగారు పడకండి, చల్లటి గాలి ముడుచుకుంటుంది. పడుకునే ముందు మళ్ళీ కాస్త ఊదండి.

స్లీపింగ్ బ్యాగ్ మీద పెద్దక్షరాల్లో ఉండే అంకెని నమ్మకండి. చాలాసార్లు అది చలి తట్టుకోగలిగే హద్దే గానీ హాయిగా నిద్రపట్టే అంకె కాదు. చీటీ మీద కంఫర్ట్ అని వేరే ఉంటుంది, సాధారణంగా పది డిగ్రీలు పైన. మీకు కంఫర్ట్ 30 డిగ్రీలు ఉన్నవి కావాలి, అంటే పైన 20 అని రాసుండేవి. ఇంట్లోని రజాయి ఒకటి కారులో వేసుకోండి, నలుగురికీ పనికొస్తుంది. టెంట్ లోపల స్టవ్, కుంపటి, బొగ్గులు, గ్యాస్ హీటరు ఏవీ వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలి మరీ ఎక్కువైతే సీసాలో వేడినీళ్ళు పోసి మూత బిగించి, సాక్సులో దూర్చి పిల్లల కాళ్ళ దగ్గర పెట్టండి. మూత కారడం లేదని తలకిందులు చేసి చూసుకున్నాకే.

నీళ్ళు మీవి మీరు తీసుకెళ్ళండి. అక్కడ కుళాయి ఉంటుందని లెక్కలోకి తీసుకోవద్దు. ఉన్నా చలికాలం పోయేదాకా మూసి ఉంచడం ఇలాంటి చోట్ల మామూలే. నలుగురికి రెండు రాత్రులకి 20 గ్యాలన్లు పడుతుంది: తాగడానికి మనిషికి రోజుకి ఒకటి చొప్పున రెండున్నర రోజులకి పది, వంటకి మూడు, గిన్నెలకి నాలుగు, చేతులకీ టాయిలెట్ చెంబుకీ మూడు. ఎడారి గాలిలో తేమ ఉండదు, చెమట పట్టినట్టే తెలియదు, పిల్లలు దాహమని అడగరు, సాయంత్రానికి తలనొప్పి అంటారు. రెండు గంటలకోసారి మీరే తాగించండి. పెదాలకీ ముక్కుపుటాల లోపలికీ కొబ్బరినూనె రాస్తే పగుళ్ళు, ముక్కులోంచి రక్తం రావడం రెండూ తగ్గుతాయి. డబ్బాలు ఐదు గ్యాలన్లవి నాలుగు కొనండి. ఏడు గ్యాలన్ల డబ్బా నిండితే 58 పౌండ్లు, కారులోంచి దింపేటప్పుడు నడుం పడుతుంది.

ఏటి నీళ్ళు అద్దంలా ఉంటాయి. అయినా పచ్చివి తాగొద్దు. పైన పశువులూ జింకలూ మనుషులూ అందరూ ఉన్నారు, జియార్డియా అనే పరాన్నజీవి ఒకసారి కడుపులో చేరితే వారాల తరబడి విరేచనాలు. అత్యవసరమైతే బుడగలతో తెర్లే దాకా కాచి ఒక నిమిషం ఆగితే చాలు. 6,500 అడుగులు దాటిన చోట మూడు నిమిషాలు. ఫిల్టరు కొంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: సన్నటి గొట్టాల ఫిల్టరు తడిగా ఉండగా ఒక్క రాత్రి గడ్డకడితే లోపల చీలుతుంది, బయటికి బాగున్నట్టే కనిపిస్తుంది, నీళ్ళూ వస్తాయి, వడకట్టడం మాత్రం ఆగిపోతుంది. వాడాక కవర్లో చుట్టి రాత్రి స్లీపింగ్ బ్యాగ్ లోపల పెట్టుకోండి.

మన వంట బాగానే కుదురుతుంది, రెండు మూడు మార్పులతో. ఆ ఎత్తులో నీళ్ళు 203 డిగ్రీలకే, అంటే 95 సెల్సియస్‌కే మరుగుతాయి. కందిపప్పుని గిన్నెలో ఉడికించాలంటే గంటన్నరైనా పలుకుగానే ఉంటుంది, సిలిండర్ మాత్రం అయిపోతుంది. మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్ళండి. అన్నానికి సోనామసూరి అరగంట నానబెట్టి ఇంట్లో పోసేదానికన్నా పావు గ్లాసు నీళ్ళు ఎక్కువ పోయండి, పప్పుకి ఇంకో రెండు విజిల్స్ ఎక్కువ. ఇంకా తేలిక మార్గం: పప్పు, సాంబారు, చికెన్ కూర ఇంట్లోనే వండి చదరపు డబ్బాల్లో గడ్డకట్టించి ఐస్ చెస్ట్‌లో అడుగున పేర్చండి. మొదటి రోజు అవే ఐసు, రెండో రోజు అవే కూర. మొదటి రాత్రి మాత్రం ఏమీ వండకండి. పులిహోర, పెరుగన్నం, చిప్స్ చాలు. ఎనిమిది గంటలు కారు నడిపి, చీకట్లో గాలికి స్టవ్ వెలిగిస్తూ పోపు మాడ్చుకోవడం అనవసరం. ఇడ్లీ, దోసె పిండి పులిసిందే తీసుకెళ్ళండి, ఆ చలిలో అక్కడ పులవదు.

స్టవ్‌కి ఒక పౌండు ఆకుపచ్చ ప్రొపేన్ సిలిండర్లు మూడు. రెండు బర్నర్లూ పెద్ద మంట మీద పెడితే ఒక్కోటి గంటకే అయిపోతుంది. ఫంక్షన్లలో వాడే ఒంటి బర్నర్ బ్యూటేన్ స్టవ్ ఇంట్లో ఉంది కదా అని అదొక్కటే పట్టుకెళ్ళకండి. బ్యూటేన్ మరిగే ఉష్ణోగ్రతే 31 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర. తెల్లవారుజామున కాఫీ పెడదామంటే మంట అగరువత్తిలా కొట్టుకుంటుంది. స్టవ్ మూతా పక్క రెక్కలూ గాలి వచ్చే వైపుకి నిలబెట్టండి, లేకపోతే వేడి సగం గాలికే పోతుంది. పోపు పెట్టేటప్పుడు నూనె తగ్గించి మూత చేతిలో ఉంచుకోండి. గాలి విసురుకి మంట మూకుడు అంచు దాటి లోపలి నూనెని అంటుకుంటుంది.

ఆవకాయ సీసా విషయం ఎవరూ చెప్పరు. సముద్రమట్టం దగ్గర మూత పెట్టిన సీసాలో ఒత్తిడి అలాగే ఉంటుంది, బయట ఆరో వంతు తగ్గిపోతుంది. చిప్స్ ప్యాకెట్లు బంతుల్లా ఉబ్బుతాయి, అది చూడ్డానికి సరదాగా ఉంటుంది. ఆవకాయ నూనె మూత సందులోంచి పాకి స్లీపింగ్ బ్యాగుల మీదికొస్తే సరదాగా ఉండదు. పచ్చళ్ళు సగం వరకే నింపిన డబ్బాల్లో, జిప్ కవర్లో పెట్టి, నిలువుగా ఉంచండి. అక్కడ మొదటిసారి మూత తీసేటప్పుడు మీద గుడ్డ వేసి మెల్లగా తిప్పండి.

తిండి ఏదీ టెంట్‌లో పెట్టొద్దు. పిల్లల జేబుల్లో చాక్లెట్లు కూడా. సైట్లో ఎలుగులు తెరవలేని ఇనుప బేర్ బాక్సు ఉంటే అందులో, లేకపోతే కారులో అద్దాలు ఎత్తి, పైకి కనబడకుండా. కింది వైపు ఎలుగుల కన్నా ఎలుకలూ రేవెన్లూ ఎక్కువ. రేవెన్ అంటే మన కాకికి రెట్టింపు సైజు, మీరు అటు తిరిగితే బ్రెడ్ ప్యాకెట్ చించేస్తుంది. పైకి, విట్నీ పోర్టల్ వైపు వెళ్ళి కారు ఆపితే లెక్క మారుతుంది. అక్కడ ఎలుగులు కారు తలుపులు పీకుతాయి, తిండీ సబ్బూ అన్నీ బాక్సులోకి వెళ్ళాల్సిందే.

గిన్నెలు ఏట్లో తోమొద్దు. నీళ్ళు కనిపిస్తే అక్కడే కడిగేయాలనిపిస్తుంది మనకి, గంజి వార్చాలనిపిస్తుంది. అది చిన్న ఏరు, వెడల్పు రెండు మూడంగలు, కింద చేపలూ పక్క సైట్ల వాళ్ళూ ఉన్నారు. ఏటికి 200 అడుగుల దూరం, అంటే 70 పెద్ద అంగలు వేసి, టబ్బులో కడిగి, మెతుకులు వడకట్టి చెత్త కవర్లో వేసి, నీళ్ళు వెడల్పుగా నేల మీద చల్లండి. టాయిలెట్లు నీళ్ళతో ఫ్లష్ అయ్యేవి కావు, కింద సిమెంట్ తొట్టి ఉంటుంది, నిండితే ట్యాంకరొచ్చి తోడుతుంది. చెంబుతో వాడుకోవచ్చు, కానీ బకెట్లతో కడగొద్దు. వైప్స్, డైపర్లు అందులో వేస్తే తోడే గొట్టం మూసుకుపోతుంది. పేపరు, శానిటైజరు, తలకి పెట్టుకునే లైటు మీవి తీసుకెళ్ళండి.

పిల్లలూ ఏరూ. మధ్యాహ్నం ఎండకి పైన కరిగిన మంచు ఇక్కడికి చేరేసరికి సాయంత్రమో రాత్రో అవుతుంది. అందుకే ఈ నెలల్లో పగలు చీలమండ దాకా ఉన్న చోట రాత్రికి నీళ్ళు పెరగొచ్చు. ఒడ్డున వదిలిన చెప్పులూ నీళ్ళలో చల్లబడటానికి పెట్టిన పుచ్చకాయా పొద్దున ఉండవు. నీళ్ళు మంచు నీళ్ళే, ఐదు నిమిషాలకే పాపకి కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. తువ్వాలు, పొడి సాక్సులు ఒడ్డునే ఉంచుకోండి. గిలకపాములు (రాటిల్‌స్నేక్స్) ఏప్రిల్ చివరికల్లా బయటికొస్తాయి. కనపడని చోట చెయ్యి పెట్టకూడదు, బండ మీంచి అవతలికి చూడకుండా దూకకూడదు, రాత్రి బూట్లూ లైటూ లేకుండా కదలకూడదు. ఈ మూడూ పిల్లలకి కారులోనే చెప్పండి. పొద్దున బూట్లు దులిపి తొడగాలి. ఒకవేళ పాము కాటేస్తే కట్టు బిగించడాలు, కోయడాలు వద్దు. కాటు పడ్డ చెయ్యో కాలో కదలకుండా ఉంచి 911కి ఫోన్ చేయండి. లోన్ పైన్‌లో ఆసుపత్రి ఉంది. సైట్లలో ఫోన్ సిగ్నల్ అన్ని చోట్లా ఒకేలా ఉండదు, చేరగానే ఎక్కడ దొరుకుతోందో చూసిపెట్టుకోండి.

ఏప్రిల్‌లో వరద భయం తక్కువ. ఇదే ట్రిప్ జులై నుంచి సెప్టెంబరు మధ్య పెట్టుకుంటే మాత్రం మధ్యాహ్నం ఉరుముల వానల్ని పట్టించుకోవాలి. ఇండిపెండెన్స్ ఊరి పక్కన ఓక్ క్రీక్ ఉంది. 2007 జులైలో కార్చిచ్చుకి దాని పైభాగం కాలిపోయింది. 2008 జులై 12న పైన కురిసిన వానకి బూడిద, బురద, బండలు కలిసి ఏటి వెంట దిగి ఇళ్ళనీ క్యాంప్‌గ్రౌండ్‌నీ చేపల హేచరీనీ దెబ్బతీశాయి. కిందున్నవాళ్ళ మీద వాన పడకపోయినా వరద వస్తుంది. వేసవిలో వెళ్తే పైన ఈమధ్య కాలిన కొండ ఉందా అని చూసుకుని, ఏటి నీళ్ళు ఉన్నట్టుండి మురికిగా మారితే సామాన్లు వదిలేసి మిట్టెక్కండి.

ఇక ప్రయాణం. ఏప్రిల్‌లో టయోగా, సోనోరా కనుమలు సాధారణంగా మంచుతో మూసి ఉంటాయి, యోసెమిటీ మీంచి అడ్డంగా వెళ్దామంటే కుదరదు. బేకర్స్‌ఫీల్డ్, టెహాచపి, మొజావే మీదుగా 58, 14, 395 హైవేలు పట్టుకోవాలి. నాలుగు వందల మైళ్ళ పైమాటే, ఆగుతూ వెళ్తే ఎనిమిది గంటలు. 178 మీద వాకర్ పాస్ దగ్గర దారే గానీ కెర్న్ నది లోయలో మలుపులకి పిల్లలు వాంతి చేసుకుంటారు. పొద్దున్నే ఆరింటికి బయల్దేరితే వెలుతురుండగా చేరతారు. శుక్రవారం సాయంత్రం లాస్ ఏంజెలెస్ వాళ్ళు దిగుతారు, వాళ్ళకి మూడున్నర గంటలే. గురువారం రాగలిగితే సైట్ ఏరుకోవచ్చు. సైట్లు ముందుగా బుక్ చేసుకోవాలా, వచ్చినవాళ్ళకి వచ్చినట్టా, రుసుం ఎంత అన్నది ఆ వారంలో బీఎల్ఎం (ఈ క్యాంప్‌గ్రౌండ్‌ని చూసుకునే ప్రభుత్వ భూముల శాఖ) బిషప్ ఆఫీసు పేజీలో చూడండి. కవరులో డబ్బు పెట్టి ఇనుప గొట్టంలో వేసే పద్ధతి ఇటువైపు మామూలు కాబట్టి చిన్న నోట్లూ ఒక పెన్నూ దగ్గరుంచుకోండి. కవరు నుంచి చించిన చీటీ ముక్క సైట్ గుంజకి తగిలించడం మర్చిపోతే ఆ సైట్ ఖాళీ అనుకుని ఇంకొకరు దిగుతారు. లోన్ పైన్ చేరడానికి ముందే, 395కి 136 కలిసే చోట సందర్శకుల కేంద్రం ఉంది. గాలి అంచనా, మంటల మీద ఆంక్షలు అక్కడ అడిగి ఊళ్ళోకి వెళ్ళండి. ఊళ్ళో కిరాణా, గ్యాస్ దొరుకుతాయి. కరివేపాకూ పెరుగూ మాత్రం ఇంటి నుంచే. చలి ఎక్కువనిపిస్తే ఇదే రోడ్డు మీద ఇండిపెండెన్స్ దాటాక గుడేల్ క్రీక్ ఉంది, 4,000 అడుగులే. అక్కడా ఏరే, అక్కడా నీళ్ళు మీవే.

కట్టెలు ఫ్రీమాంట్ నుంచి తీసుకురాకండి, వాటిలో చెట్లని చంపే పురుగులు కొత్త చోటికి చేరతాయి. లోన్ పైన్‌లో కట్టలు అమ్ముతారు, రాత్రికి రెండు చాలు. సేజ్‌బ్రష్ విరవొద్దు. మంట సైట్లో ఉన్న ఇనుప గుండ్రంలోనే. జాకెట్ అంచు గాలికి రెపరెపలాడుతోందంటే ఆ రాత్రికి మంట మానేయండి. పడుకోవడానికి అరగంట ముందు కట్టెలు వేయడం ఆపి, ఏట్లోంచి రెండు బకెట్లు తెచ్చి పోసి, కర్రతో కలిపి మళ్ళీ పోయండి. దానికి తాగే నీళ్ళు తగలెయ్యొద్దు. చివర అరచెయ్యి వెనక వైపు బూడిదకి అంగుళం దూరంలో పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే ఇంకో బకెట్.